గురువారం నాటి కోడికూర డబ్బా

వంట నేర్పే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నాను. నా వంటగదిలో తిన్నవాళ్ళలో ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. కొత్తగా ఈ పనిలో చేరిన ఆడపిల్లలు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో ఎప్పుడూ ఏ పొరపాటూ జరగలేదా మేడమ్?" అని అడిగితే ఆ ఒక్క మాట చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేసేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ ఎవరికీ కడుపునొప్పి రాకుండానే ఒక మనిషికి నావల్ల జరిగిన నష్టం ఒకటుంది. అది మీరు వినాలి. రేపు మీరూ ఇలాంటి వంటగదిలోనే నిలబడతారు. మీకూ నాలాగే పాఠాలు చెప్పే నోరుంటుంది. అవసరమైన పూట అది ఎలా మూతబడుతుందో ఇప్పుడే తెలుసుకోండి.

మా శిక్షణ కేంద్రం ఆదోనిలో, పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఉండేది. ఆడవాళ్ళకు ఆరు నెలల కోర్సు. బేకరీ పని, హాస్టల్ వంట, రోగుల వంట నేర్పేవాళ్ళం. రెండు పెద్ద పొయ్యిలు, ఒక ఓవెను, ఒక ఫ్రిజ్. రెండో ఫ్రిజ్ కావాలని ఏటా రాసి పంపేదాన్ని, ఏటా "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చేది. ఇప్పటికీ పరిశీలిస్తున్నారేమో తెలియదు.

నేను రిటైరు కావడానికి సరిగ్గా నెల రోజులుందనగా, జనవరి చివర్లో, పట్టణంలో కొత్తగా పెట్టిన ఒక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. రోగుల వంటగదికి ఒక మనిషి కావాలి. మా బ్యాచ్‌లో బాగా చేసే ముగ్గుర్ని ఎంచి పెడితే, వాళ్ళ డైటీషియన్ వచ్చి, రుచి చూసి, ఒకరిని తీసుకుంటుంది. పరీక్ష ఏంటో కూడా ఆమే రాసి పంపింది. ముందురోజు మిగిలిన వంటతో, నూనె తక్కువగా, ఓవెనులో ఏదైనా ఆరోగ్యకరమైన వంటకం చేయాలి. మిగిలినదాన్ని వీళ్ళు ఎలా దాస్తారో, ఎలా వాడతారో చూడాలని ఆమె ఉద్దేశం. పరీక్ష గురువారం.

ముగ్గురిలో ఒకమ్మాయి గురించే ఈ కథంతా. ఎమ్మిగనూరు అవతల పల్లె. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. పొద్దున్నే ఎమ్మిగనూరు దాకా ఆటోలో, అక్కణ్ణుంచి ఆదోనికి బస్సులో వచ్చేది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కూలి పని. నాలుగో తరగతి చదివే కూతురు. మా పడమటి పల్లెల్లో పత్తి తీతలు అయిపోతే ఇక పని ఉండదు. ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్ని వెంటబెట్టుకొని, గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మార్చి, ఏప్రిల్ దాకా రారు. పిల్లల చదువు ఆ మిరప సాళ్ళలోనే కలిసిపోతుంది.

పరీక్ష సంగతి చెప్పిన రోజు ఆ అమ్మాయి అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, పోయినేడు మా పాప మూడు నెలలు బడి పోగొట్టుకునింది. బడి అయివారు ఈసారి కూడా సుగ్గికి తీసకపోతే ఇంగ లాభం లేదని చెప్పినాడు. వలస పిల్లోళ్ళ హాస్టలు ఈ యేడు మా ఊర్లో తెరవలేదు. ఇంట్లో చూసుకునేదానికి ముసలోళ్ళు గూడ లేరు. ఈ పని నాకొచ్చిందంటే నేనూ పాపా ఈడనే ఉంటాం, మా ఇంటాయప్ప ఒక్కడే పోతాడు."

"ఎప్పుడు బయల్దేరతారు?"

"కూలోళ్ళ మేస్త్రీ వ్యాను ఆదివారం పోతాది. గురువారం దాకా ఆగప్పా, ఆ పొద్దు తేలిపోతాదని చెప్పి పెట్టినా."

అంటే గురువారం తేలాలి. లేకపోతే ఆదివారం వ్యాను ఎక్కాలి. ఆ పిల్ల ఏ వంటకం చేస్తుందా అని ఆమెకంటే నాకే దిగులు పట్టుకుంది.

మిగతా ఇద్దరూ తెలివైనవాళ్ళు, తెలిసిన దారిలోనే పోయారు. ఒకామె మిగిలిన అన్నంతో ఓవెనులో వడలు, ఇంకొకామె మిగిలిన పప్పుతో కట్లెట్లు. ఈ అమ్మాయి మాత్రం ఫోన్ పట్టుకొచ్చి ఒక వీడియో చూపించింది. ఎంచిలాడ అట. మెక్సికో వాళ్ళ తిండి. మొక్కజొన్న రొట్టెలో కోడిమాంసం పెట్టి చుట్టి, పళ్ళెంలో పక్కపక్కన పేర్చి, పైన ఎండుమిరపకాయల పులుసు పోసి, చీజ్ తురిమి, ఓవెనులో పెడతారు.

"నీకెందుకమ్మా ఈ దేశంకాని దేశం వంట?" అన్నాను.

"దేశంకాని దేశం యాడుంది మేడమ్, బాగా చూడండి. రొట్టె, కోడికూర, ఎర్రకారం. మా ఇంట్లో సద్దికూర మిగిల్తే పొద్దున్నే జొన్నరొట్టెలో పెట్టుకొని తినేది ఇట్లనే కదా. వాళ్ళు చుట్టి కాలుస్తాండారు, అంతే."

నిజమే. నాకు నవ్వొచ్చింది. వంటగదిలో మాకు సాయంగా ఉండే ఆయమ్మ కూడా ఫోనులోకి తొంగి చూసి, "ఓ, రొట్టె సుట్టలా" అనేసింది. ఆ పేరే నిలిచిపోయింది.

మూడుసార్లు చేసి చూశాం. మొదటిసారి జొన్నరొట్టె చుట్టబోతే పెంకులా విరిగింది. రెండోసారి పులుసు ఎక్కువై అంతా సంగటి అయిపోయింది. మూడోసారికి దారి దొరికింది. జొన్నపిండిలో గుప్పెడు గోధుమపిండి కలిపి, మరిగే నీళ్ళతో తడిపి, రొట్టె పెనం మీదినుంచి దిగగానే తడిగుడ్డలో చుట్టిపెడితే మెత్తగా వంగింది. పులుసుకు కారం తక్కువుండే ముడతల ఎండుమిరపకాయలు, టమాట, వెల్లుల్లి. చీజ్ బదులు గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు. లోపల కోడిమాంసంతో పాటు పాలకూర. అంతటికీ నూనె ఒక్క చెంచా. ఆ మూడో పళ్ళెం దించినప్పుడు ఆఫీసు గుమాస్తాలు కూడా వంటగది గుమ్మం దగ్గర చేరారు. ఈ ఉద్యోగం ఈ పిల్లదే అని నేను మనసులో రాసేసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం అందరికీ కోడికూర వండించాను. దానిలో మిగిలిన ఎముకలేని ముక్కలు ఆరగానే స్టీలు డబ్బాలో పెట్టించి, రెండున్నరకు ఫ్రిజ్‌లో నేనే పెట్టాను. డబ్బా మీద చీటీ అంటించాను. ఏం వండింది, ఎప్పుడు వండింది, ఎన్నింటికి లోపల పెట్టింది, అన్నీ నా చేతిరాతే. వండిన మాంసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని ముప్ఫై ఏళ్ళుగా పలక మీద రాస్తున్న మనిషిని కదా మరి. ఆ పక్కనే సాయంత్రం టిఫినులో మిగిలిన అలసంద గుగ్గిళ్ళ గిన్నె కూడా పెట్టి, నాలుగున్నరకు ఇంటికెళ్ళాను.

గురువారం తొమ్మిదిన్నరకు వంటగది అంతా అద్దంలా ఉంది. ఆ అమ్మాయి ఓ మూల రొట్టెల పిండి తడుపుకుంటోంది. వచ్చే డైటీషియన్ ఫ్రిజ్ తెరిచి చూస్తుందేమో అని నాకు అనుమానం.

"ఆయమ్మా, ఫ్రిజ్ తుడిచావా?"

"నిన్న సాయంత్రమే తుడిసినా మేడమ్. మీరేం దిగులు పడాకండి. ఆరు గంటలకు ఆ కోడికూర డబ్బా తీసి అలమర మీద పెట్టి, లోపలంతా పసుపునీళ్ళతో కడిగి, స్వామి పాలు, పెరుగు పెట్టినా. పొద్దున ఏడుకొచ్చి, పాలు తీసుకొని, డబ్బా మళ్ళా లోపలికి పెట్టేసినా."

ఆయమ్మకు గురువారం నియమం. మంత్రాలయం స్వామికి మొక్కుకున్న మనిషి. ఆ రోజు మాంసం తినదు, ఉదయం పాలు, పెరుగు తీసుకెళ్ళి నైవేద్యం పెట్టాకే పనిలోకి వస్తుంది. ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు. బుధవారం సాయంత్రం ఆ పాలు మా ఫ్రిజ్‌లోనే పెడుతుందని నాకు తెలుసు. ఏళ్ళుగా తెలుసు. మామూలుగా మేం మాంసం వండేది శనివారం కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ వారం పరీక్ష ఉందని, ఎప్పుడూ లేనిది బుధవారం వండించిందాన్ని నేను. మాది చర్చికి పోయే కుటుంబం, మా ఇంట్లో వారాల పట్టింపు లేదు. గురువారమని నాకు తట్టనే లేదు. స్వామి పాల పక్కన కోడికూర పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నాకు చెబితే నేనేమనుకుంటానో అని ఊరుకుంది.

సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పదమూడు గంటలు.

ఆయమ్మ నా ముఖం చూసి, "ఏమైంది మేడమ్, మొకం అట్లయిపాయ?" అంది. ఆమెను బయటికి తీసుకుపోయి, మెల్లగా చెప్పాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సలికాలమే కదమ్మా. మేం ఇండ్లల్లో ఎన్నిసార్లు తినలేదు. నా పని తీసేస్తారా మేడమ్?"

"ఎవరూ తీసెయ్యరు. నువ్వు నోరెత్తకు. నేను చూసుకుంటా."

నేను చూసుకుంటా అన్నాను. అప్పుడు తొమ్మిది నలభై. డైటీషియన్ పదకొండున్నరకు వస్తుంది. అంటే నా చేతిలో దాదాపు రెండు గంటలున్నాయి. ఆ రెండు గంటలు నేనేం చూసుకున్నానో దాచకుండా చెబుతాను.

డబ్బా తెరిచి వాసన చూశాను. కూర ఘుమఘుమలాడుతోంది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిన్నటికంటే బాగుంది. రాత్రి చలిగానే ఉంది కదా అనుకున్నాను. మా జనం తరతరాలుగా సద్దికూర తినే బతికారు కదా అనుకున్నాను. ఓవెను వేడికి ఏ క్రిమి బతుకుతుందిలే అనుకున్నాను. క్రిములు చచ్చినా అవి వదిలిన విషం వేడికి పోదని, వాసనకు, రుచికి కూడా అందదని ఆర్నెల్ల ముందు ఈ బ్యాచ్‌కి పాఠం చెప్పిందాన్ని నేనే. ఆ పాఠం అడిగితే ఆ అమ్మాయి ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతుంది.

చెప్పేద్దామని రెండుసార్లు ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. మొదటిసారి వెళ్ళేసరికి ఆమె పిండి చేతులతోనే నావైపు తిరిగింది.

"మేడమ్, రాత్రంతా నిద్ర లేదు. పాప పొద్దున బడికి పోతా, అమ్మా పని దొరికితే ఫోన్ చెయ్యి, అయివారు ఫోన్ ఇస్తాడు అనింది."

"ఏం కాదులేమ్మా, నీ పని నువ్వు చేసుకో" అని వచ్చేశాను. ఇప్పుడు చెబితే ఈ పిల్ల ఇక్కడే కూలబడుతుంది అనుకున్నాను. నిజానికి కూలబడేలా ఉన్నది నేను. నెల రోజుల్లో రిటైరు కాబోయే మనిషిని. ఫ్రిజ్ బాధ్యత నాది, చీటీ నాది, చేతిరాత నాది. ఆయమ్మ ఉద్యోగం పోతుందేమో అని భయం. అందరి ముందు నా పరువు పోతుందేమో అని అంతకంటే భయం. ఈ రెండో భయానికి మొదటిదాన్ని ముసుగేసి పెట్టుకున్నాను.

రెండోసారి వెళ్ళేసరికి ఆమె కోడిమాంసం చిదిమి పాలకూరలో కలిపేసింది. "ఉప్పు చూడండి మేడమ్" అని చెంచా నోటి దగ్గర పెట్టింది. తిన్నాను. "సరిపోయింది" అన్నాను. మింగలేక, కక్కలేక అంటారే, అది నాకు మాటవరసకు కాదు, ఆ చెంచాతోనే తెలిసింది.

పదిన్నరకు చుట్టలు పేర్చింది. పదకొండుకు పళ్ళెం ఓవెనులోకి పోయింది. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. డైటీషియన్ రాకపోతే బాగుండు, బస్సు తప్పితే బాగుండు, ఆదోని మొత్తానికి కరెంటు పోతే బాగుండు అని మొక్కుకుంటున్నాను. ఆరోజు కరెంటు రెప్ప కూడా వాల్చలేదు.

డైటీషియన్ సరిగ్గా పదకొండున్నరకు వచ్చింది. చిన్నపిల్ల. కోస్తా వైపు మనిషి. నవ్వు ముఖం. నేను భయపడినట్టే ముందు ఫ్రిజ్ తెరిచింది. తర్వాత బల్ల మీదున్న ఖాళీ డబ్బా తీసి, దాని మీది చీటీ చదివింది.

"మధ్యాహ్నం రెండున్నర. టైముతో సహా రాశారు. చాలా పద్ధతిగా ఉందండీ" అంది నాతో.

ఆయమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

వడలు రుచి చూసింది. కట్లెట్లు రుచి చూసింది. కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత ఈ అమ్మాయి బల్ల దగ్గరికొచ్చింది. పళ్ళెంలో ఎర్రటి పులుసు అంచుల వెంట ఉడుకుతూనే ఉంది. పైన పెరుగు అక్కడక్కడా గోధుమరంగు తిరిగింది.

"ఏంటమ్మా ఇది?"

"ఎంచిలాడ మేడమ్. మా జొన్నరొట్టెతో చేసినా."

"అబ్బో. ఎలాంటి పేషెంట్లకు పెట్టొచ్చంటావు?"

"ఆపరేషన్ అయినోళ్ళకు మేడమ్. మెత్తగా ఉంటాది, కారం ఉండదు, బలమొస్తాది. మా పాపకు జ్వరమొచ్చి లేచినప్పుడు ఇట్లనే రొట్టె మెత్తగా చేసి, కోడి చిదిమి పెడ్తా."

డైటీషియన్ మెచ్చుకోలుగా తలాడించి, చుట్ట కొసను ఫోర్కుతో తుంచి, నోటి దాకా తీసుకుపోయింది.

"తినొద్దండీ" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. అందరూ నావైపు తిరిగారు. మిగతాది ఎలా చెప్పానో సరిగ్గా గుర్తులేదు. కోడిమాంసం రాత్రంతా బయట ఉందని, చీటీలో ఉన్నది నిజం కాదని, ఫ్రిజ్ బాధ్యత నాదని, ఈ అమ్మాయికి ఏమీ తెలియదని చెప్పాను. ఆయమ్మ పేరు ఎత్తలేదు. డైటీషియన్ ఫోర్కు పళ్ళెంలో పెట్టి, గడియారం చూసుకుంది. తర్వాత మర్యాదగానే అంది.

"చెప్పినందుకు థాంక్సండీ. కానీ రుచి చూడకుండా నేను మార్కులు వెయ్యలేను. ఒంటిగంటకు ఆసుపత్రిలో ఉండాలి, మళ్ళీ చేయించే టైము కూడా లేదు."

కట్లెట్లు చేసినామెకు ఉద్యోగం వచ్చింది. ఆమె కూడా మంచి పిల్లే, ఆమె తప్పేమీ లేదు.

అందరూ వెళ్ళాక ఆ అమ్మాయి పళ్ళెం ఎత్తి, చుట్టల్ని ఒక్కొక్కటిగా చెత్తబుట్టలో వేసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఫ్రిజ్ తెరిచి చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడింది.

"అలసంద గుగ్గిళ్ళు ఈడనే ఉండాయి కదా మేడమ్. ఇవి బయట పెట్టలేదు కదా."

"లేదమ్మా."

అవి శాకాహారం. స్వామి పాల పక్కన ఉన్నా ఆయమ్మకు అభ్యంతరం లేదు. రాత్రంతా చల్లగా, శుభ్రంగా ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

"ముందే తెల్సింటే వీటిని మెదిపి చుట్టేదాన్ని. అర్ధగంట పని." ఆమె తలుపు మూసి నావైపు తిరిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది మేడమ్?"

ఆయమ్మ గిన్నెలు తోముతూ ఆగిపోయింది.

"ఇప్పుడే" అన్నాను. "ఆమె తినబోయే ముందే."

"సరే మేడమ్" అంది ఆ అమ్మాయి. సంచీ తీసుకొని బస్సుకు వెళ్ళిపోయింది. ఆదివారం వ్యానులో ఆమె, భర్త, కూతురు ముగ్గురూ గుంటూరు వైపు పోయారని తర్వాత తెలిసింది.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ సాయంత్రమే మా కేంద్రం పెద్దసారు నన్ను పిలిచి మెచ్చుకున్నాడు. నెల రోజుల తర్వాత రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, మైకులో అదే చెప్పాడు. "ముద్ద నోటి దగ్గర ఉండగా ఆపిన మనిషి. తన పరువు పోతుందని తెలిసి కూడా నిజం చెప్పిన మనిషి." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయమ్మ మాత్రం వెనక వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ శాలువా భుజాల మీద నిప్పుల్లా ఉంది.

ఆ నెలంతా నాకు నిద్ర సరిగ్గా లేదు. ఫోన్ తీసేదాన్ని, ఆ అమ్మాయి నంబరు చూసేదాన్ని, పెట్టేసేదాన్ని. ఏం చెప్పాలి? చెబితే ఉద్యోగం తిరిగి వస్తుందా? రానప్పుడు చెప్పి, ఆమె మనసు ఇంకా కష్టపెట్టడం ఎందుకు? ఈ ప్రశ్నలన్నీ భలే పెద్దమనిషి ప్రశ్నల్లా ఉండేవి. ఆరోజు వంటగదిలో వేసుకున్న ప్రశ్నలూ ఇలాగే ఉండేవని శాలువా కప్పిన రోజు తెలిసింది. ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా ఫోన్ చేశాను.

చాలాసేపు మోగాక ఎత్తింది. చుట్టూ ఎవరో కేకలేసుకుంటున్నారు, ట్రాక్టరు చప్పుడు.

"బాగుండారా మేడమ్?"

"బాగున్నా. అమ్మాయీ, నీకొక మాట చెప్పాలి. ఆరోజు నీకు అబద్ధం చెప్పాను. కూర బయట ఉన్న సంగతి నాకు తొమ్మిదిన్నరకే తెలుసు. అప్పుడే చెప్పి ఉంటే నువ్వు గుగ్గిళ్ళతో చేసుకునేదానివి. నా పరువుకు భయపడి చెప్పలేదు. నీ ఉద్యోగం నేను పోగొట్టాను."

ఆమె పక్కకు నడిచినట్టుంది, ట్రాక్టరు చప్పుడు తగ్గింది.

"తెల్సు మేడమ్" అంది.

"ఎలా తెలుసు?"

"ఆయమ్మ ఆ పొద్దు బస్టాండు దాకా నా ఎనకాలే వచ్చి చెప్పింది. గురువారం పూట కడుపులో పెట్టుకోలేనని ఏడ్చింది."

"మరి నన్ను అడగలేదేమ్మా?"

"అడిగితినే కదా మేడమ్. ఎప్పుడు తెలిసిందని."

ఏదో ఒకటి అడగాలి కదా అని, అడగకూడని మాటే అడిగాను. "పాప అక్కడ బడికి పోతోందా?"

"ఈడ బడి యాడుంది మేడమ్. నాకంటే బిరీన కోస్తాంది కాయ. ఉంటా మేడమ్, పొద్దు పోతాంది. అది ఒక్కతే సాలు పట్టింది."